తమ్ముడి ఎరల పెట్టెలు

ఆసుపత్రిలో ఆమెను అందరూ మడతలక్క అనేవారు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అదే పిలుపు. ఉతికిన దుప్పట్లు, రోగుల గౌన్లు, ఆపరేషన్ గదిలోని ఆకుపచ్చ గుడ్డలు, దిండు గలీబులు అన్నీ బండ్ల మీద కింది అంతస్తులో ఉన్న ఆమె గదికే వచ్చేవి. ఆమె వాటిని దులిపి, మడిచి, అరల్లో పేర్చేది. కరెంటు పోయినా నర్సులు ఆ గదిలోకి వచ్చి, తడుముకోకుండా కావలసింది తీసుకుపోయేవాళ్ళు. చిరిగినది ఒక్కటీ ఆమె చేయి దాటి పైకి వెళ్ళేది కాదు.

పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే, "నా సర్దుడు భరించే మగవాడు ఇంకా పుట్టలేదు" అని నవ్వేసేది. అసలు సంగతి వేరు. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఇంకా నిక్కర్ల వయసు. తండ్రి అంతకుముందే లేడు. వాణ్ణి చదివించి, పని నేర్పించి, ఓ ఇంటివాణ్ణి చేసేసరికి ఆమె జుట్టు సగం తెల్లబడింది. దానికి ఆమె ఎప్పుడూ బాధపడినట్టు కనపడలేదు. ఆసుపత్రి వెనక వీధిలో మేడ మీద ఒక్క గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. తమ్ముడూ మరదలూ రెండు వీధుల అవతల ఉండేవాళ్ళు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఎత్తయిన భవనాల లోపల, చీకటి గొట్టంలాంటి సందులో, తాళ్ళ మీద వేలాడే పెట్టె నెత్తినెక్కి పనిచేసేవాడు. "రోజంతా బావిలో ఉన్నట్టుంటుందే అక్కా" అనేవాడు. అందుకేనేమో సెలవొస్తే చాలు, గాలం పట్టుకుని నీళ్ళ దగ్గరికి పరిగెత్తేవాడు. వాడిది వానపాముల గాలం కాదు. రబ్బరు ఎరలు. మెత్తగా, జారుడుగా, అచ్చం ప్రాణమున్నవాటిలా మెలికలు తిరిగే పురుగులు, చిన్న చేపలు, కప్పలు. షాపులో కొత్త రంగు వచ్చిందంటే వాడి కాళ్ళు ఆగేవి కావు.

ఆ ఎరలు అక్క గదికి చేరడం వెనక ఒక గొడవ ఉంది. తమ్ముడు వాటన్నిటినీ ఓ పాత బిస్కెట్ల డబ్బాలో కుక్కి, బట్టల అలమరలో దాచాడు. ఎండాకాలం వచ్చింది. ఓ మధ్యాహ్నం మరదలు అలమర తీస్తే, డబ్బా మూత సందులోంచి ఎర్రటి జిగురు కారి, ఆమె కొత్త బట్టల మీద గడ్డకట్టి ఉంది. కిరసనాయిలు, వెల్లుల్లి, సోంపు కలిపి ఉడకబెట్టినట్టు వాసన.

"నా బట్టల మధ్య నీ పురుగులా! ఇవైనా ఉండాలి, నేనైనా ఉండాలి!" అని ఆమె ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

"పురుగులు కావు, రబ్బరు..." అని తమ్ముడు మొదలుపెట్టాడు గానీ, ఆమె చూసిన చూపుకి డబ్బా చంకన పెట్టుకుని అక్క గదికి వచ్చిపడ్డాడు.

మడతలక్క డబ్బా మూత తీసి, ముక్కు మూసుకుంది. తెల్లవాటికి ఎరుపు అంటింది. ఆకుపచ్చవి నల్లబడ్డాయి. ఒక రకం బాగా సాగేవి పక్కవాటిని కరిగించి తమతో కలిపేసుకున్నాయి. తోకలన్నీ వంకర్లు. గాలపు ముళ్ళు తుప్పు.

"ఒరేయ్, ఇవి చేపల్ని పట్టేవా, తరిమేవా?"

"నువ్వే ఏదో ఒకటి చెయ్యవే. నీకు చేతనైనట్టు నాకు చేతకాదు."

నేల మీద పాత పేపర్లు పరిచి, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ రోజంతా కూర్చున్నారు. పనికిరానివి పారేశారు. మిగిలినవాటిని సబ్బునీళ్ళలో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టారు. వంకరపోయిన తోకల్ని వేణ్ణీళ్ళలో ముంచి ఒక్కక్షణం పట్టుకుంటే తిన్నబడతాయని వాడికి తెలుసు. కానీ ఎప్పుడూ చేసిన పాపాన పోలేదు. ఆమె చేస్తూంటే పక్కన కూర్చుని నోరు తెరిచి చూశాడు. ఏ రకం ఏ రకంతో పడదో వాడు చెప్పాడు, ఎలా విడదీయాలో ఆమె చూసుకుంది. ఏ రంగుకి ఆ రంగు దాని జిప్పు కవర్లోనే ఉండాలి. కవర్లు పడుకోబెట్టకుండా, పుస్తకాల్లా నిలబెట్టాలి. సాగే రకం వేరే డబ్బాలో. ఒకసారి వాడాక తడి ఆరని ఎర తిరిగి కవర్లోకి వెళ్ళకూడదు. మాత్రల సీసాల్లో తేమ పీల్చడానికి వేసే చిన్న పొట్లాలు ఆసుపత్రిలో చెత్తబుట్ట పాలవుతుంటే ఏరి తెచ్చి, ముళ్ళ డబ్బాల్లో తలా ఒకటి వేసింది.

ఆఖరికి మూడు పెట్టెలయ్యాయి. తమ్ముడు వెళ్ళే చోట్లు మూడే గనక ఆమె వాటిని అలాగే విడదీసింది. ఒకటి ఊరి చివరి జలాశయానికి, బరువైన సీసపు గుండ్లు, పొడుగాటి పురుగులు. ఒకటి వంతెన కింద ఏటికి, వేలెడంత చిన్న చేపలు. మూడోది పాడుబడ్డ రాళ్ళ క్వారీ గుంటకి. అక్కడ నీళ్ళ నిండా నాచే. అందుకని దానికి కప్పలు. ముల్లు కొన కప్ప వీపులోనే దాగి ఉంటుంది కాబట్టి నాచుకి తగులుకోదు. మూడు పెట్టెలూ ఎండ తగలకుండా ఆమె మంచం కిందికి చేరాయి.

"చేపలకి ఇంత మర్యాద ఎక్కడా జరిగి ఉండదే అక్కా" అన్నాడు తమ్ముడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆమెకి బాగా గడిచాయి. సెలవు రోజు తెల్లవారకముందే వాడొచ్చి తలుపు కొట్టేవాడు. ఆమె రాత్రి డ్యూటీలో ఉంటే, తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసుకుని పెట్టె పట్టుకెళ్ళేవాడు. సాయంత్రం బురద కాళ్ళతో వచ్చి, ఏ ఎరకి ఏది తగిలిందో చేతులు చాపి చెప్పేవాడు. చెప్పినంత చేప ఏ రోజూ ఇంటికి రాలేదు. ఆమె వింటూనే ఎరలు కడిగి ఆరేసేది. ఆసుపత్రిలో ఎన్ని వేల దుప్పట్లు మడిచినా ఎవరూ వచ్చి కబుర్లు చెప్పరు కదా.

తర్వాత మూర్ఛ వచ్చింది.

మొదటిసారి లిఫ్టు పెట్టె మీద నిలబడి ఉండగానే వచ్చింది. తోటి పనివాడు నడుం బెల్టు పట్టుకుని వేలాడదీసి ఉంచబట్టి బతికాడు. పరీక్షలు చేశారు, మాత్రలు రాశారు. "నిచ్చెనలు ఎక్కొద్దు, బండి నడపొద్దు, ఒంటరిగా నీళ్ళ దగ్గరికి అసలే వద్దు" అన్నాడు డాక్టరు. కంపెనీవాళ్ళు జాలిపడి ఆఫీసులో ఫోన్లెత్తే పనిలో కూర్చోబెట్టారు.

కొన్నాళ్ళకి మరదలు ఆసుపత్రికి వచ్చింది. దుప్పట్ల అరల మధ్య నిలబడి, "వదినా, నేను చెబితే గొణుగుతాడు. నువ్వు చెబితే వింటాడు. ఆ పెట్టెలు నీ దగ్గరే ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను. ఇవ్వకు" అంది.

"నా చేత్తో ఇవ్వనమ్మా. నువ్వు నిశ్చింతగా ఉండు" అంది మడతలక్క.

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. కానీ వాడి దగ్గరున్న తాళంచెవి వెనక్కి అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది. చేసే పని పోయింది, బండి పోయింది, ఇప్పుడు అక్క తలుపు కూడా మూసేస్తే వాడి మొహం ఎలా ఉంటుందో తలచుకుని మింగేసింది.

వానలు మొదలైన రోజుల్లో, ఓసారి గది ఊడుస్తూ మంచం కింది పెట్టెలు ముందుకు లాగింది. ఎందుకో మూడో దాని మూత తీసింది. కవర్లన్నీ నిలబడే ఉన్నాయి. కానీ ఒకదాని మొహం వెనక్కి తిరిగి ఉంది. ఇంకోదాని జిప్పు ఓ మూల నోరు తెరిచి ఉంది. ముళ్ళ డబ్బాలో ఒక ముల్లుకి లేత తుప్పు. ముట్టుకుంటే వేలికి తడి తగిలింది.

వాడు మళ్ళీ గుంటకి వెళుతున్నాడని ఆమెకి అర్థమైంది. చాలాసేపు నేల మీదే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్ళింది. మరదలు వంటింట్లో ఉండగా వాణ్ణి మెట్ల దగ్గరికి పిలిచింది.

"పెట్టె ఎందుకు తీశావురా?"

వాడు వంటింటి వైపు ఓసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, పొద్దస్తమానం ఫోనెత్తి 'మెకానిక్ వస్తాడండీ' అని చెప్పడమే నా పని. వచ్చేది నేను కాదు. ఎవడో కుర్రాడు. ఇంటికొస్తే నీ మరదలు నా మొహం వంక చూస్తూ కూర్చుంటుంది, ఇప్పుడు పడతానా, ఇంకాసేపటికి పడతానా అని. ఆ గుంట గట్టు మీద కూర్చున్న కాసేపే నేను రోగిని కాననిపిస్తుంది" అన్నాడు.

"మరి ఒంటరిగానా?"

"కాదే. షాపతను వస్తున్నాడుగా నాతో. ఒట్టు."

గాలం సామాన్లు అమ్మే షాపతను వాడికి పాత స్నేహితుడు. మునుపు ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు. అతని ఫోన్ నంబరు ఆమె దగ్గర ఉంది. ఒక్కసారి అడిగి ఉంటే తేలిపోయేది. ఆమె అడగలేదు. తమ్ముడు చాలా రోజుల తర్వాత నవ్వుతున్నాడు. ఆ నవ్వు చెడగొట్టే పని తనవల్ల కాదనుకుంది.

"దానికి తెలిస్తే నన్ను చంపుతుంది. చెప్పకే" అన్నాడు వాడు.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను తల్లీ."

లోపల్నుంచి మరదలు, "ఏమిటి వదినా, గుమ్మంలోనే మంతనాలు? లోపలికి రా" అని పిలిచింది. మడతలక్క లోపలికి వెళ్ళి, నవ్వుమొహం పెట్టుకుని కూర్చుంది.

అప్పటినుంచి వాడు ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చేవాడు, వెళ్ళేవాడు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవాళ్ళు కాదు. ఆమె గదికి రాగానే మంచం కింద చూసేది. తడి ముళ్ళు తుడిచేది. కప్పల్ని కడిగి ఆరేసేది. తిరగబడిన కవర్లు సరిచేసి, తేమ పొట్లాలు మార్చేది. తన చేత్తో ఇవ్వలేదు, నిజమే. కానీ వాడు మళ్ళీ వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండేవి. ఆ తేడా ఎంత చిన్నదో ఆమెకి తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు.

ఆ రోజు సాయంత్రం ఆమె డ్యూటీ దిగబోతూండగా మరదలు ఫోన్ చేసింది. "వదినా, నీ దగ్గరికి వచ్చాడా? ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదని చెప్పి ఈ రోజు రానేలేదట. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు."

మడతలక్క ముందు తమ ఆసుపత్రిలోనే అత్యవసర వార్డుకి పరిగెత్తింది. రోడ్డు మీద పడిపోయిన వాళ్ళెవరినీ ఆ రోజు తీసుకురాలేదు. అక్కణ్ణుంచి షాపతనికి ఫోన్ చేసింది.

"నాతోనా?" అన్నాడు అతను. "జబ్బు చేసినప్పటినుంచి ఒక్కసారి కూడా రాలేదక్కా. పూర్తిగా మానేశాడనే అనుకుంటున్నాను. షాపుకి కూడా రావడంలేదు."

ఆమె ఫోను చేతిలో పట్టుకుని అలాగే నడిచింది, తర్వాత పరిగెత్తింది. మేడ మెట్లెక్కి, గది తలుపు తీసి, మంచం కింది పెట్టెలు బరబరా బయటికి లాగింది. సీసపు గుండ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. చిన్న చేపల కవర్లు కదల్లేదు. మూడో పెట్టెలో, ముందు వరసలో, రెండు కవర్ల మేర ఖాళీ. ఆకుపచ్చ కప్పలు, నల్ల కప్పలు.

అప్పటికే ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన మరదలు పోలీసు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉంది. అక్కడి అధికారి జలాశయం గట్టుకి మనుషుల్ని పంపాలా, రైల్వే స్టేషన్లో చూడాలా అని ఆలోచిస్తున్నాడు. మడతలక్క రొప్పుతూ లోపలికొచ్చి, "రాళ్ళ క్వారీ గుంట దగ్గర ఉంటాడండి. అక్కడికి పదండి" అంది.

"ఎలా చెబుతున్నారమ్మా?"

"నాచులో వేసే ఎరలు మాత్రమే తీసుకెళ్ళాడు. మిగతావి ముట్టుకోలేదు. నాచు ఉండేది అక్కడే."

అధికారి టోపీ పెట్టుకుని లేచాడు. మరదలు మాత్రం బెంచీ మీంచి లేవలేదు. ఆమె వదిన మొహంలోకి చూస్తోంది.

"ఏవి ఉన్నాయో, ఏవి పోయాయో నీకెలా తెలుసు వదినా?" అంది నెమ్మదిగా. "పెట్టెలు ఇవ్వనన్నావుగా."

మడతలక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇది మొదటిసారి కాదన్నమాట."

"కాదు."

ముగ్గురూ జీపెక్కారు. గుంట చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. పైన గట్టు మీద ఓ బల్లపరుపు రాయి, దాని మీద వాడి సంచి. పక్కనే గాలం కర్ర, దారం నీళ్ళలోకి దిగి నాచులో మాయమైంది. సంచి పక్కన గుడ్డ పరిచి, వాడిన కప్పల్ని ఆరబెట్టుకున్నాడు. అక్క నేర్పినట్టే, తడివి వేరుగా, పొడివి వేరుగా.

వాడు రాయి కిందే ఉన్నాడు. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. బోర్లా పడి ఉన్నాడు. నాచు వీపు మీదికి వచ్చి కప్పేసింది. పక్కన ఒక్క మనిషి ఉండి, చొక్కా పట్టుకుని పైకి లాగితే చాలు, బతికేవాడు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అందరికీ కనపడుతూనే ఉంది.

మరదలు అరవలేదు. నీళ్ళలోకి దిగి, వాడి తల ఒళ్ళో పెట్టుకుని, మొహం మీది నాచు ఒక్కో పోగూ తీయడం మొదలుపెట్టింది. మడతలక్క కూడా దిగబోతే, "నువ్వు రాకు" అంది. ఆమె గట్టు మీదే ఆగిపోయింది.

శవాన్ని వాళ్ళ ఆసుపత్రికే తెచ్చారు. కప్పడానికి దుప్పటి కోసం మార్చురీ మనిషి వచ్చి, మడతలక్కను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమే వెళ్ళి తెచ్చింది. అరలోంచి తీసిన దుప్పటి విప్పి చూసి పక్కన పెట్టింది. ఇంకోటి విప్పింది. అదీ నచ్చలేదు. అలా చాలా విప్పింది. చివరికి మార్చురీ మనిషే వెనకాల వచ్చి, "చాలక్కా, ఇది బాగుంది" అని ఆమె చేతిలోంచి ఒకటి తీసుకున్నాడు.

బంధువులు వచ్చారు, వెళ్ళారు. మరదలు ఎవరితోనూ వదిన గురించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మడతలక్కకి కాస్త ఊపిరాడేదేమో. రోజూ డ్యూటీ అయ్యాక తమ్ముడి ఇంటి ముందుకి వెళ్ళి తలుపు కొట్టేది. లోపల దీపం వెలుగుతూ ఉండేది. తలుపు తెరుచుకునేది కాదు. కాసేపు నిలబడి, నొప్పిపెట్టే మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి వచ్చేసేది.

చలికాలం వచ్చాక, ఓ రోజు మరదలే మేడ మెట్లెక్కి వచ్చింది. బాగా చిక్కిపోయింది. మంచం అంచున కూర్చుంది.

"పెట్టెలు చూపించు."

మడతలక్క బయటికి తీసింది. మరదలు ఆ కవర్లను ఒక్కొక్కటే పైకెత్తి చూసింది. ఇన్నేళ్ళలో ఆమె వాటిని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఓ చిన్న చేపను తీసి అరచేతిలో పెట్టుకుంది. వేలితో తాకితే దాని తోక కదిలింది.

"జబ్బు చేశాక ఎన్నిసార్లు వెళ్ళాడు?"

"చాలాసార్లు. వానలప్పటి నుంచీ వెళుతూనే ఉన్నాడు."

"నీకు ప్రతిసారీ తెలుసా?"

"తెలుసు. షాపతను తోడు వస్తున్నాడని చెప్పాడు. నమ్మాను." ఆగి, "నమ్మాలని నమ్మాను" అంది.

మరదలు ఆ రబ్బరు చేపను ముక్కు దగ్గరికి తీసుకుంది.

"నాకు ఈ వాసన పడదు. బురద పడదు. చేపల్ని చూస్తేనే డోకు" అంది. "కానీ ఒక్కసారి నాతో చెప్పి ఉంటే, ముక్కుకి గుడ్డ కట్టుకునైనా వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని కదా వదినా. నేను ఇవ్వొద్దన్నది ఒంటరిగా వెళతాడనే భయంతో. నన్ను తీసుకెళ్ళొచ్చని మీ ఇద్దరికీ తోచనే లేదు."

 నిజంగానే మడతలక్కకి తోచలేదు. వాణ్ణి అర్థం చేసుకునేది ఈ లోకంలో తానొక్కతేనని, మరదలు కేవలం కాపలా మనిషని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఆ రహస్యం తమ ఇద్దరి మధ్యే ఉండడం ఆమెకి ఎంత ఇష్టమో ఇప్పుడు తెలిసింది. తెలిసి, తల ఎత్తలేకపోయింది.

"నన్ను క్షమించమని అడగను" అంది.

"అడక్కు. నావల్ల కాదు." మరదలు లేచింది. "నువ్వు చెడ్డదానివైతే నాకు తేలికయ్యేది. కాదు. అదే మింగుడు పడడం లేదు."

పెట్టెలు తీసుకెళ్ళమంటే అక్కర్లేదంది. ఆ చిన్న చేప మాత్రం ఆమె గుప్పిట్లోనే ఉండిపోయింది. ఇవ్వడం మరిచిపోయిందో, కావాలనే ఉంచుకుందో మడతలక్క అడగలేదు.

పెట్టెల్ని షాపతను పట్టుకెళ్ళాడు. మరదలు ఇల్లు ఖాళీ చేసి, వేరే ఊళ్ళో ఉన్న తన అన్న దగ్గరికి వెళ్ళిపోతోందని కూడా అతనే చెప్పాడు. ఆ రోజు మడతలక్క సెలవు పెట్టి, వాళ్ళ వీధి మలుపులో నిలబడింది. సామాన్ల బండి మీదికి కూలివాళ్ళు మంచాలు, అలమర ఎక్కిస్తున్నారు. మరదలు గుమ్మంలోంచి ఆమెను చూసింది. రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. బండి నిండాక, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. మలుపు దగ్గర బండి నెమ్మదించినప్పుడు అద్దం దించి, "మోకాళ్ళ నొప్పులకి డాక్టరుకి చూపించుకో వదినా. మెట్లు ఎక్కలేకపోతున్నావు" అంది. మడతలక్క జవాబు చెప్పేలోపే అద్దం పైకి లేచింది. బండి వెళ్ళిపోయాక కూడా ఆమె అక్కడే నిలబడి ఉంది. వీధిలో వాళ్ళు చూస్తున్నారని తెలిసినా కదల్లేకపోయింది.